పట్టెడు పిండి, గుప్పెడు బియ్యం

(చర్చిలో కోతల పండుగ ఆరాధనలో ఒక సంఘ పెద్ద, విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికీ, అమ్మగారికీ, పెద్దలకీ, తెల్లవారుజామునే లేచి గుడికి మామిడాకులూ వరి కంకులూ కట్టిన పిల్లలకీ వందనాలు.

ఇవాళ నన్ను డబ్బు గురించి మాట్లాడమన్నారు. ఇవ్వడం గురించీ, దేవుడు చూసుకుంటాడన్న నమ్మకం గురించీ. గుడిలో ఈ మాట ఎత్తగానే కొందరి మొహాలు ముడుచుకుంటాయి. వాళ్లను నేను తప్పు పట్టను. వాళ్ల అనుభవాలు వాళ్లకున్నాయి. నాకూ ఒకటుంది, కాసేపాగి చెబుతాను. ముందు మా అమ్మ వంటింట్లోకి రండి.

మాది రేపల్లె దగ్గర కాలవ కింద పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు. కోతల రోజుల్లో కూలి గింజలుగానే వచ్చేది. ఆ వడ్లు అమ్మ దంచి, చెరిగి, పెద్ద కుండలో పోసుకునేది. పొయ్యి పక్కన ఇంకో చిన్న కుండ ఉండేది, మూతి కాస్త విరిగింది. దాన్ని మేం ప్రభువు కుండ అనేవాళ్లం.

సాయంత్రం పొయ్యి మీద ఎసరు పడేశాక అమ్మ రెండు సోలలు బియ్యం కొలిచి చేటలో పోసేది. బుడ్డి దీపం దగ్గరికి జరిపి రాళ్లు ఏరేది. ఏరడం అయ్యాక, కడగబోయే ముందు, ఆ చేటలోంచి ఒక గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ప్రభువు కుండలో వేసేది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ గుప్పెడు పెద్ద కుండలోంచి తియ్యలేదు. మా అయిదుగురికీ అని కొలిచేసిన బియ్యంలోంచి తీసింది. అంటే ఆ గుప్పెడు మా కంచాల్లోంచి పోయినట్టే. అన్నం తిన్నాక మిగిలితే ఇద్దామని చూడలేదు. సరిపోతుందో లేదో తెలియకముందే తీసిపెట్టింది.

ఒకరోజు వాన. రెండు రోజులుగా పనిలేదు. ఆ పూట ఒక్క సోలే కొలిచింది. అందులోంచీ గుప్పెడు తీసింది. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి, బాగా ఆకలిగా ఉంది. “అమ్మా, ఇవాళ ఒక్కరోజు వెయ్యకపోతే ఏమవుద్ది?” అని అడిగేశాను. అమ్మ కోప్పడలేదు. “ఇవాళ వాళ్లింట్లో పొయ్యి వెలిగిందో లేదో” అంది. వాళ్లెవరు అంటే చెప్పలేదు.

ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చేది. గుడిలో బల్ల ముందు పెద్ద వెదురుబుట్ట ఉండేది. అందరూ వరసగా వెళ్లి అందులో పోసేవాళ్లు. దంపుడు బియ్యం, మిల్లు బియ్యం, పాతవి, కొత్తవి, ఏమీ లేని ఇంటివాళ్లవి నూకలు. అన్నీ ఒకే బుట్టలో కలిసిపోయేవి. అందులో సగం అయ్యగారి ఇంటికి, సగం ముసలివాళ్లకీ, రోగంతో మంచం పట్టినవాళ్లకీ. నేను అయ్యగారి ఇంట్లో చాలాసార్లు తిన్నాను. ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ సమంగా ఉడికేది కాదు. కొత్త బియ్యం ముద్దయిపోయేవి, పాతవి పలుకుగానే ఉండేవి, నూకలు అడుగంటేవి. పాపం అమ్మగారు ఎంత తంటాలు పడినా అంతే. ఊరంతా ఏం తింటుందో అయ్యగారి కంచంలో అదే ఉండేది.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. మిజోరం కొండల్లో మన అక్కచెల్లెళ్లు 1910 నుంచి వంట చేసే ప్రతి పూటా గుప్పెడు బియ్యం ప్రభువు కోసం పక్కన పెడుతున్నారు. ఆ గుప్పెళ్లతో వాళ్ల సంఘం సువార్త పనినే నడుపుకుంటోంది. కాబట్టి గుప్పెడు బియ్యమంటే చిన్నచూపు వద్దు.

ఇప్పుడు బైబిల్లో సారెపతు విధవరాలి కథ చూద్దాం, మొదటి రాజులు 17వ అధ్యాయం. మీకు కంఠతా వచ్చిన కథే. అయినా ఒకటి రెండు చోట్ల మనం తొందరగా దాటిపోతాం. అక్కడ ఆగుదాం.

ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర దాక్కున్నాడు. కాకోలములు, అంటే బొంతకాకులు, రొట్టె, మాంసం తెచ్చి పెట్టాయి. తర్వాత వాగు ఎండిపోయింది. ఎందుకెండింది? వాన లేక. వాన పడదని చెప్పింది ఎవరు? ఏలీయానే. తాను చెప్పిన కరువు తన వాగు దాకా వచ్చింది. దైవజనుడు కదా అని ఆయన ఒక్కడికీ దేవుడు నీళ్లు ఆపి ఉంచలేదు. ఊరికి ఏ కష్టమొచ్చిందో ప్రవక్తకీ అదే వచ్చింది.

అప్పుడు దేవుడు ఆయన్ని సారెపతుకు పంపాడు. సారెపతు సీదోను దేశంలోది. ఆయన్ని చంపాలని చూసే యెజెబెలు రాణి పుట్టిల్లు ఆ దేశమే. ఆమె తండ్రి సీదోనీయుల రాజు. వానలు కురిపించేది బయలు దేవత అని నమ్మే దేశం అది, ఆ దేశంలోనూ వాన లేదు. అక్కడ ఆయనకు అన్నం పెట్టేది ఎవరంటే ఒక విధవరాలు. ఇశ్రాయేలు మనిషి కాదు. ధనవంతురాలు అసలే కాదు. ఊరి గుమ్మం దగ్గర పుల్లలు ఏరుకుంటోంది. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది చేసుకుని తాను, కొడుకు తిని చనిపోవాలి. ఆమె అన్న మాట అదే.

ఏలీయా అడిగింది వింటే మనకే గుండె కలుక్కుమంటుంది. ముందు నాకొక చిన్న అప్పం చేసి పెట్టు, తర్వాత నీకూ నీ బిడ్డకూ చేసుకో అన్నాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఎంతమంది ఎంతమంది ఇళ్లలో తొట్లు ఖాళీ చేశారో మీకు తెలుసు. ‘ముందు దైవజనుడికి పెట్టు’ అంటారు. సరే, పెడదాం. తర్వాతి వచనాలు కూడా చదువుదాం మరి. ఆమె, ఆయన, ఆమె ఇంటివాళ్లు అనేక దినాలు కలిసి తిన్నారు. అదే తొట్టిలో పిండి, అదే బుడ్డిలో నూనె. ఏలీయా ఆమె అప్పం తీసుకుని వేరే మేడకు వెళ్లిపోలేదు. ఆమె ఇంటి పైగదిలోనే ఉన్నాడు. ఆమె ఏం తిందో అదే తిన్నాడు. ఎవరైనా మిమ్మల్ని ముందు నాకు పెట్టమంటే, ఆయన తర్వాత మీతో కూర్చుని మీ కంచంలోది తింటాడా అని చూడండి. మా అయ్యగారు తిన్నారు. అందుకే ఆయన బుట్టలో గుప్పెడు పొయ్యడానికి మా అమ్మకు ఏనాడూ చెయ్యి వెనకాడలేదు.

ఇంకో చోట ఆగుదాం. తొట్టి నిండిందని అక్కడ రాయలేదు. పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు, అంతే. ఆమె రోజూ పొద్దున తొట్టిలో చెయ్యి పెడితే అడుగున పట్టెడు తగిలేది. మర్నాడు మళ్లీ పట్టెడు. ఆమె గిడ్డంగి కట్టలేదు, షావుకారు కాలేదు. కరువు తీరేదాకా రోజూ అడుగంటిన తొట్టిలోనే చెయ్యి పెట్టింది. ప్రతి ఉదయం భయపడే ఉంటుందని నా మనసుకు అనిపిస్తుంది. ఇవాళ కూడా ఉంటుందా అని. నమ్మకమంటే భయం లేకపోవడం అని మనకెవరో నేర్పారు. నాకైతే భయంతోనే తొట్టిలో చెయ్యి పెట్టడం కనబడుతోంది.

ఆ తర్వాత ఏమైందో కూడా మర్చిపోవద్దు. పిండి తరగని ఆ ఇంట్లోనే ఆ బిడ్డ జబ్బు చేసి ఊపిరి విడిచాడు. దేవుని మాట విని ప్రవక్తకు పెట్టిన ఇల్లు అది. అయినా జబ్బు వచ్చింది. ఏలీయా ప్రార్థన చేశాడు, దేవుడు బిడ్డను తిరిగి ఇచ్చాడు. ఆమెకు ఇచ్చాడు. అందరికీ అలా జరగదు.

ఇందాక నా అనుభవం చెబుతానన్నాను. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. పిల్లలు చిన్నవాళ్లు, నాకు అప్పుడే ఉద్యోగం. ఆసుపత్రిలో ఉండగా ఎవరో చెబితే ఒక పెద్ద సభకు వెళ్లాను. అక్కడ ప్రసంగీకుడు, పేరు వద్దు, ‘నీ అవసరం ఎంత పెద్దదో నీ విత్తనం, అంటే నీ కానుక, అంత పెద్దదిగా ఉండాలి, నీకు నొప్పి పుట్టేంత ఇస్తేనే దేవుడు కదులుతాడు’ అన్నాడు. నా దగ్గర లేదు. మా వీధిలో ఒకావిడ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చి మర్నాడు ఆ సభలో కానుకల కవర్లో పెట్టాను. మా ఆయన పదిహేను రోజులకు చనిపోయారు.

డబ్బు పోయినందుకు నేను ఏడవలేదు. అప్పు తీరడానికి ఏడాది పైన పట్టింది, తీర్చాను. కానీ మూడేళ్లపాటు నా మనసులో ఒకటే మాట. ఇంకో వెయ్యి ఇచ్చి ఉంటే? నా విశ్వాసం చాలలేదా? రాత్రిళ్లు పిల్లల్ని చూస్తూ, మీ నాన్నను నేనే పోగొట్టానేమో అనుకునేదాన్ని. ఒక మనిషి మీద ఇంత బరువు పెట్టడం దేవుని పని కాదు. ఆ సంగతి నాకు బైబిలు చదివితేనే తెలిసింది, ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అలాంటి బరువు మోస్తున్నవాళ్లు ఉంటే, అమ్మా, అయ్యా, ఈ పూటే దించేసుకోండి. మీ కానుక చాలక మీ మనిషి పోలేదు.

మార్కు 12లో బీద విధవరాలు రెండు కాసులు వేసింది. కానుకల వేళ మనం తరచుగా చదువుతాం. దానికి సరిగ్గా ముందు వచనం ఏంటో చూడండి. ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతున్నారని ప్రభువు అన్నాడు. అని, వెళ్లి కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. పెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు ఆ రెండు కాసులనీ చూశాడు, ఆమె ఇల్లు మింగుతున్నవాళ్లనీ చూశాడు. ఒకటి చెప్పి రెండోది దాచడం మనకు తగదు.

సరే, ఆ రోజుల్లో దేవుడు నన్ను చూసుకోలేదా? చూసుకున్నాడు. ఎలాగో చెబుతాను. వార్డులో మా పక్క మంచం చిలకలూరిపేట నుంచి వచ్చిన ముస్లిం కుటుంబానిది. వాళ్ల పెద్దావిడ రోజూ ఇంటి నుంచి క్యారియర్ తెచ్చేది. నేను బన్ను, టీతో గడపడం చూసింది. మూడో రోజు నుంచి రెండు క్యారియర్లు తెచ్చింది. ఒకటి నా మంచం కింద పెట్టి, “బిడ్డా, నువ్వు తినకపోతే ఆయన్నెవరు చూస్తారు?” అనేది. అది రంజాన్ నెల. ఆవిడ తెల్లవారుజాము నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, నాకు మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక్కోరోజు కోడిగుడ్డు కూర వడ్డించేది. వడ్డించేటప్పుడు ఎండిపోయిన ఆవిడ పెదాలు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. సారెపతు విధవరాలు ఎలా ఉండేదని సండే స్కూలు పిల్లలు అడిగితే నాకు ఆవిడ మొహమే గుర్తొస్తుంది. ప్రభువు నజరేతు సమాజమందిరంలో సారెపతు పేరు ఎత్తితే ఆ ఊరివాళ్లకు కోపమొచ్చింది. మన దేవుడు బయటివాళ్లింట్లో అన్నం వండించాడా అని. వండించాడు. నేను తిన్నాను.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని రోజూ అంటాం. నేను బడిలో పిల్లలకు సర్వనామాలు చెబుతూ ఉంటే ఒక్కసారి తట్టింది. ఆ ప్రార్థన మొత్తంలో ‘నా’ అన్న మాటే లేదు. ‘నాకు అన్నం పెట్టు’ అని అడగడానికి ప్రభువు మనకు మాటలు ఇవ్వలేదు. ‘మాకు’ అని అడిగామంటే ఆ ‘మా’లో పక్క మంచం మనిషి ఉంది, మా అమ్మ చెప్పని ‘వాళ్లు’ ఉన్నారు. వాళ్ల అన్నం కూడా మనమే అడిగాం. అడిగింది వచ్చి మన కుండలో పడితే ఎవరి వాటా ఎంత? మా అమ్మకు చదువు లేదు కానీ చేట మీద ఈ లెక్క రోజూ చేసింది. మనం దేవుడు చూసుకుంటాడంటాం. ఎక్కువసార్లు ఆయన ఒకరి వంటింట్లోంచే ఇంకొకరిని చూసుకుంటాడు. ఆ ఒకరు చెయ్యి బిగిస్తే, అవతలివాళ్లు దేవుడు పట్టించుకోలేదు అనుకుంటారు. నాకు భయం వేసేది అక్కడే.

మలాకీ మూడో అధ్యాయం అందరికీ తెలుసు. పదియవ భాగం మందిరపు నిధిలోకి తీసుకురండి, ఆకాశపు వాకిండ్లు విప్పుతాను. పదో వచనం. గోడల మీద కూడా రాస్తాం. అదే అధ్యాయం అయిదో వచనం ఏ గోడ మీదైనా చూశారా? కూలివాళ్లనీ, విధవరాండ్రనీ, తండ్రిలేనివాళ్లనీ బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్షినవుతానని దేవుడు అంటున్నాడు. ముందు అది, తర్వాత పదియవ భాగం. ఇక ఆ పదియవ భాగం ఎవరికని ద్వితీయోపదేశకాండం 14లో చూస్తే, మూడో ఏట ఇచ్చేది మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశికీ, అనాథకూ, విధవరాలికీ. వాళ్లు తిని తృప్తి పొందాలి.

ఈ మాట కోతల పండుగ నాడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాం? కానుక తెచ్చిన రైతులందరికీ నా మనవి. మీలో చాలామంది కౌలుకు చేస్తున్నారు, కౌలు కట్టి, ఎరువుల బాకీ తీర్చాక చేతికొచ్చేది ఎంతో నాకు తెలుసు. అయినా నాట్లు వేసిన ఆడవాళ్లకు ఇవ్వాల్సింది ఇంకా ఉంటే, ముందు అది ఇచ్చి రండి. ఆపేసిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు. దేవుని ముందు మనం కృతజ్ఞతాకీర్తన పాడుతుంటే అదే చెవికి ఆ మొర కూడా వినబడుతుంది కదా.

పరిగె సంగతి కూడా అంతే. పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. లేవీయకాండంలో దేవుడు రైతుకు చెప్పాడు, పొలం అంచుల దాకా పూర్తిగా కొయ్యొద్దు, పరిగె ఏరుకోవద్దు, అది బీదవాళ్లకూ పరదేశులకూ వదిలెయ్యి. బైబిల్లో విధవరాలైన రూతు బ్రతికింది ఆ పరిగెతోనే. మా అమ్మమ్మ కూడా. ఆవిడ వంగి వంగి ఏరి ఒళ్లో పోసుకుంటే, మంచి రైతు చూసీ చూడనట్టు రెండు పనలు కట్టకుండా వదిలేవాడట. ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. ఒక్క కంకి రాలదు. గంటలో ఎకరం శుభ్రం. నేను మిషన్ వద్దనడం లేదు. కానీ ఆ పరిగె ఎక్కడికి పోయింది? అది రైతు సొత్తు కాదని దేవుడు ముందే చెప్పాడు. మిషన్ ఏరిపెట్టినంత మాత్రాన అది మనదైపోతుందా? పొలం ఉన్నవాళ్లు బస్తాల లెక్క చూసుకునేటప్పుడు దీన్ని ఆలోచించండి. హైదరాబాదులో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ పండక్కి వచ్చిన పిల్లలూ, మీ జీతంలో అంచు ఎక్కడుందో మీరే చూసుకోవాలి. జీతం పడ్డ రోజే తీసి పక్కన పెట్టండి, నెలాఖరుకు కాదు. మా అమ్మ కడగకముందు తీసిందని చెప్పాను కదా.

ఇస్తే సరిపోదు, ఎలా ఇస్తామన్నది కూడా ఉంది. దీనికి మన నేల మీదే ఒక సాక్ష్యముంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు మొదలైంది. ఒంగోలు చుట్టుపక్కల జనం ఆకులు, గడ్డలు తిన్నారు, ఎక్కడివాళ్లు అక్కడే రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ గారు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి, కూలి ఇచ్చారు. బిచ్చం వెయ్యలేదు, పని ఇచ్చారు. వచ్చినవాళ్లలో వేలమంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు, అన్నానికి వెలగా విశ్వాసాన్ని అడిగామన్న మాట అసలే రాకూడదు. కరువు సాయం అయిపోయింది, ఇక డబ్బేమీ రాదు అని అందరికీ తెలిశాక కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో దిగారు. మాదిగపల్లెల వాళ్లే ఎక్కువ. ఆ అంకె అందరం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ అంకె కన్నా, అంతకుముందు ఆయన ‘ఇప్పుడు వద్దు’ అన్న ఆ పదిహేను నెలలు గొప్పగా తోస్తాయి. అన్నానికి గాలం తగిలించలేదు. మనం ఎవరింటికైనా బియ్యం తీసుకెళ్లేటప్పుడు, వాళ్లు వచ్చే ఆదివారం గుడికి వస్తారా అని మనసులో చూసుకుంటే ఆ బియ్యానికి గాలం ఉన్నట్టే.

దోర్నకల్ సంగతి కూడా ఒక్క మాట. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఒక మిషన్ పెట్టుకున్నారు. తెల్లవాళ్ల డబ్బు కాదు, అక్కడి సంఘాల కానుకలు. ఆ డబ్బు వచ్చింది మన తెలుగు నేలకే, దోర్నకల్‌కు. దాని వెనక ఉన్న అజరయ్య గారే 1912లో అక్కడికి బిషప్ అయ్యారు. ఎవరో ఎరగని తమిళ పల్లెల్లో తీసిపెట్టిన గుప్పెళ్లు మన దాకా వచ్చాయన్నమాట.

ఇక లెక్కలు. ఆరేళ్లు ఈ సంఘానికి కోశాధికారిగా చేశాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. పౌలు యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం చందా పోగుచేశాడు. మాసిదోనియ సంఘాలు నిరుపేదలు, అయినా మమ్మల్ని కూడా చేర్చుకోండని వాళ్లే బతిమాలారు. గమనించండి, పౌలు వాళ్లను బతిమాలలేదు. ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ ఇవ్వాలన్నాడు. ‘కలిమి కొలది’ అన్నాడు. అప్పు తెచ్చి ఇవ్వమని ఆయన ఎక్కడా రాయలేదు. ఆ డబ్బు తీసుకెళ్లేటప్పుడు ఒక్కడే వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుల్ని వెంటబెట్టుకున్నాడు, ఎవరూ తప్పు మోపకూడదని. ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికి కూడా సరిగ్గా ఉండాలి అన్నాడు. రెండో కొరింథీ 8లో ఉంది, ఇంటికెళ్లి చదవండి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ గారు పదివేలమందికి పైగా అనాథల్ని పెంచారు, మనుషుల్ని డబ్బు అడగలేదు, దేవుణ్ణే అడిగారు. అలాంటి విశ్వాసి, వచ్చిన కానుకల లెక్కలు అచ్చు వేయించి అందరి ముందూ పెట్టేవారు. ఆయన భార్య అన్నగారు గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొచ్చిన కుటుంబాలే నరసాపురం ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టాయి, కాబట్టి ఆ పద్ధతి మనకు పరాయిది కాదు. లెక్క అడిగినవాణ్ణి అవిశ్వాసి అనే చోట నేను ఒక్క రూపాయి వెయ్యను. మీరూ వెయ్యకండి.

ఒక ఆడపిల్ల మొన్న నన్ను అడిగింది. “టీచరమ్మా, మరి నేను చీటీ కట్టడం తప్పా? రేపటిని గూర్చి చింతింపకుడి అన్నాడు కదా?” తప్పు కాదు తల్లీ. యోసేపు ఏడేళ్లు ధాన్యం నిలవ చేశాడు, దేవుడే చేయించాడు. ఎడారిలో దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా మర్నాటికి దాస్తే పురుగు పట్టింది నిజమే. అదే దేవుడు ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నాడు, విశ్రాంతి దినానికి. దానికి పురుగు పట్టలేదు. పిల్లల ఫీజుకీ, ముసలితనానికీ దాచుకో. చింతపడొద్దన్నాడంటే ఆ డబ్బే నన్ను కాపాడుతుందని రాత్రుళ్లు దాన్ని లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడొద్దని. నా పరీక్ష నేను చెబుతాను. దాచుకున్నదాంట్లోంచి ఎవరికైనా అవసరమొచ్చినప్పుడు తీయగలుగుతున్నానా? తీయలేకపోతే దాని మీద పెత్తనం నాది కాదు. అప్పుడు కాస్త కూర్చుని ప్రార్థన చేసుకుంటాను.

చాలాసేపు మాట్లాడాను. అన్నాలవేళయింది, వంటలక్కలు అవతల ఎదురు చూస్తున్నారు. రెండు విషయాలు చెప్పి కూర్చుంటాను. ఇవాళ్టి కానుకలు, వేలంలో వచ్చిన డబ్బు ఆరాధన అవగానే అందరి ముందూ లెక్కపెడతారు. లెక్క రాసిన కాగితం తలుపు పక్కన అంటిస్తాం, ఎప్పటిలాగే. ఎవరు ఎంత ఇచ్చారన్నది అందులో ఉండదు, మొత్తం ఎంతన్నదే ఉంటుంది.

రెండోది, బుట్టలోని బియ్యం. స్త్రీల సమాజం వాళ్లు మధ్యాహ్నం కూర్చుని ఏరి, అయిదేసి కిలోల సంచులు కడతారు. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు సాయం రండి, చేటలు చాలవు, ఇంటి నుంచి ఒకటి తెచ్చుకోండి. దీపాలు పెట్టే వేళకు సంచులు గుడి వెనక వసారాలో ఉంటాయి. వెనక తలుపు గడియ వెయ్యం. ఈ ఊళ్లో ఎవరైనా సరే, ఏ గుడికి వెళ్లేవాళ్లయినా, ఏ గుడికీ వెళ్లనివాళ్లయినా వచ్చి తీసుకోవచ్చు. వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకం మన దగ్గర లేదు. వసారాలో లైటు కూడా వెయ్యొద్దని కుర్రాళ్లకు చెప్పాను.